వార్డు మ్యూజియం పని డైరీ: మేడమీద గది, నాలుగు వీధులు

జూన్: గది

మా నాలుగు వీధుల కోసం చిన్న మ్యూజియం పెడదామనుకున్నాం. వార్డు గ్రంథాలయం మేడమీద గది ఖాళీగా ఉంది, వాడుకోండి అన్నారు. తాళం చేతికొచ్చింది. మిగతావాళ్లు ఏ గోడకు ఏ రంగు, ఏ మూలన ఏ అద్దాల బీరువా అని మాట్లాడుకుంటుంటే నేను పైకప్పు చూస్తూ తిరిగాను. ఉత్తరం మూల సరిగ్గా నీళ్ల ట్యాంకు కింద ఉంది. ట్యాంకు పైపు ఆ గోడలోంచే దిగుతోంది. సున్నం కింద పసుపుపచ్చ మరక ఒకటి, చుట్టూ అంచు కట్టి ఉంది. అంటే అక్కడ నీళ్లు ఒకసారి కాదు, పదేపదే దిగి ఆరాయి. ఆ మూలలో కాగితం అనేది ఉండకూడదని అప్పుడే సుద్దతో గీత గీశాం. రాయి, ఇనుము, కుర్చీలు మాత్రం పెట్టుకోవచ్చు.

పడమర వైపు రెండు పెద్ద కిటికీలు. అందరికీ అవే నచ్చాయి, నాకు అవే భయం. కాగితానికీ, ఫొటోలకీ, బట్టకీ 50 లక్స్ (వెలుతురు కొలత) మించకూడదని మ్యూజియంల లెక్క. వెలుతురు వల్ల జరిగే నష్టం కూడుతూ పోతుంది, రాత్రి దీపాలార్పేస్తే వెనక్కి రాదు. రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు, 50 లక్స్ అంటే 1,20,000 లక్స్ గంటలు. అదే ఫొటోను కిటికీ పక్కన 1,000 లక్స్‌లో పెడితే ఏడాది వాటా 15 రోజుల్లో అయిపోతుంది. ఈ లెక్క బోర్డు మీద రాసి చూపించాక కిటికీల గురించి వాదన ఆగింది. బయట చాందినీలు, అద్దాలకు అతినీలలోహిత కిరణాలను ఆపే యూవీ ఫిల్మ్, లోపల మందం తెరలు. ఫిల్మ్ కూడా శాశ్వతం కాదు, కొన్నేళ్లకు పని చేయడం మానేస్తుంది కాబట్టి వేసిన తేదీ కిటికీ చట్రం మీదే రాయించాం.

తేమ మీటరు ఒకటి తెచ్చి గది మధ్యలో, ఇంకొకటి ట్యాంకు మూలన పెట్టాం. రెండూ ఒకలా చూపించవు, చూపిస్తాయని ఎవరూ అనుకోలేదు కూడా. 65 శాతం దాటి చాలాకాలం నిలబడితే బూజు మొదలవుతుంది. అంతకంటే చెడ్డది పొద్దున ఒక లెక్క, సాయంత్రం ఒక లెక్కగా ఊగడం. కాగితం, చెక్క, జిగురు ఒక్కోటి ఒక్కో తీరున ఉబ్బి ముడుచుకుంటాయి, ఆ గుంజులాటలోనే పగుళ్లు. మాకు ఏసీ లేదు, రాదు. అందుకని గదిని కాకుండా పెట్టెను కాపాడుకోవాలని నిర్ణయం: బిగుతైన డబ్బాలు, లోపల తేమ పీల్చే సిలికా జెల్, నేలకు కనీసం జానెడు ఎత్తున అరలు.

జూన్ ఆఖరు: ఏది మాది, ఏది కాదు

ఈ రెండు వారాలూ సుత్తి పట్టలేదు, వాదించుకోవడమే సరిపోయింది. రిటైరైన మాస్టారు ఒకరు మాతో ఉన్నారు. ఆయనకు చరిత్ర అంటే రాజులనుంచి మొదలవ్వాలి. మొదటి గోడకు వంశవృక్షం ఒకటి గీసి తెచ్చారు కూడా.

"మాస్టారూ, అది పెద్ద మ్యూజియంలో మనకంటే బాగా ఉంటుందండీ. మన నాలుగు వీధులు అక్కడ ఉండవు" అన్నాను.

"నాలుగు వీధులకు చరిత్రేముందయ్యా?" అన్నారాయన.

జవాబుగా మూడు ఉదాహరణలు చెప్పాను. వాషింగ్టన్‌లోని అనకోస్టియా అనే పేట. అక్కడ మూతపడ్డ ఒక సినిమా హాల్లో 1967 సెప్టెంబరులో, అమెరికాలో పెద్ద మ్యూజియంలు నడిపే స్మిత్సోనియన్ సంస్థ పేట మ్యూజియం తెరిచింది. జాన్ కినార్డ్ దాని డైరెక్టరు. 1969లో వాళ్లు పెట్టిన ఒక ప్రదర్శన ఎలుకల మీద. పేటలో జనం రోజూ పడుతున్న బాధ అదే కాబట్టి అదే అంశమైంది. రెండోది న్యూయార్క్ ఆర్చర్డ్ స్ట్రీట్‌లో 97వ నంబరు ఇల్లు. 1863లో కట్టిన అద్దె వాటాల భవనం, 1935లో పై అంతస్తులు ఖాళీ చేయించారు, తర్వాత దశాబ్దాలు అలాగే ఉండిపోయింది. 1988లో మొదలైన టెనెమెంట్ మ్యూజియం ఆ ఇంటినే మ్యూజియం చేసింది. అక్కడ రాజుల ఊసే లేదు, ఎవరు ఏ వాటాలో ఉన్నారో, కిటికీ లేని గదిలో కుట్టుపని ఎలా చేశారో చెప్తారు. మూడోది దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ నగరపు డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేట. 1966లో ఆ పేటను తెల్లవారికి మాత్రమే అని ప్రకటించి, తర్వాతి ఏళ్లలో సుమారు 60,000 మందిని తరిమేసి ఇళ్లు కూల్చారు. 1994 డిసెంబరులో అక్కడి పాత చర్చిలో మ్యూజియం తెరిచి, నేల మీద పేట పటం పరిచారు. వెళ్లగొట్టబడ్డవాళ్లు వచ్చి, మా ఇల్లు ఇక్కడ అని ఆ పటం మీద పేర్లు రాశారు.

మాస్టారు చివరిదాని దగ్గర ఆగిపోయారు. "నేల మీద పటమా? తొక్కరూ?" అని అడిగారు. తొక్కుతారండీ, అందుకే వెతుక్కుంటారు అన్నాను. వంశవృక్షం మడిచి సంచిలో పెట్టుకున్నారు. వదిలేశారని అనుకోను, వాయిదా వేశారు అంతే.

ఆ తర్వాత సేకరణ నియమం ఒక్క పేరాలో రాసుకున్నాం. ఈ నాలుగు వీధుల్లో వాడినదై ఉండాలి, లేదా ఇక్కడ తయారైనదై ఉండాలి, లేదా ఇక్కడివాళ్ల గురించి చెప్పేదై ఉండాలి. నాణేలు, స్టాంపుల ఆల్బములు వద్దు. అవి పాతవే, కానీ ఎక్కడివైనా కావచ్చు. ఎవరికి చెందుతుందో తేలని వస్తువు అసలొద్దు. ఈ పేరాను అట్ట మీద పెద్దక్షరాలతో రాసి తలుపు పక్కనే తగిలించాం. వద్దు అని మనిషి చెప్తే మొహమాటం, గోడ చెప్తే ఎవరికీ కోపం రాదు.

జులై: వస్తువులు రావడం

ఆదివారం పొద్దున బల్లేసుకుని కూర్చున్నాం. జనం సంచులతో వచ్చారు. ఒక తాళాల గుత్తి, వీధి పేరున్న ఎనామిల్ పలక ఒకటి, మూతపడ్డ దుకాణం త్రాసు, గడియారాలు బాగుచేసే ఆయన కంటికి పెట్టుకునే భూతద్దం, ఫొటో ఆల్బములు బోలెడు.

ఈ పనిలో అసలు వస్తువు రిజిస్టరేనని నా నమ్మకం. తాళాల గుత్తిని రేపు ఎవరైనా ఎత్తుకుపోయినా, ఇది ఎవరిది, ఏ తలుపులవి, ఎందుకు దాచారు అన్నది రిజిస్టరులో ఉంటే కొంతైనా మిగిలినట్టే. రిజిస్టరు పోయి తాళాలు మిగిలితే అది పాత ఇనుము. అందుకే ఒక్కొక్కరి దగ్గర ఎంత సేపైనా సరే, మాట పూర్తిగా రాసుకున్నాకే వస్తువు పుచ్చుకున్నాం. వరుస పెరిగింది, విసుక్కున్నారు. కాలేజీ అమ్మాయి ఒకామె వరుసలో ఉన్నవాళ్ల దగ్గరికే నోట్‌బుక్ పట్టుకెళ్లి కూర్చుంది. అప్పట్నుంచి విసుగు తగ్గింది. పైగా ఒకరు చెప్తుంటే పక్కవాళ్లు దిద్దడం మొదలెట్టారు, అది మాకు ఉచితంగా దొరికిన సమాచారం.

ఇచ్చే పద్ధతులు మూడే పెట్టాం: పూర్తిగా ఇచ్చేయడం, గడువు రాసి అరువివ్వడం, స్కాన్ చేయించుకుని తీసుకెళ్లిపోవడం. "మీ దగ్గరే ఉంచండి, కావాలంటే అడుగుతా" అనేది నాలుగో పద్ధతి, అదొద్దని గట్టిగా నిలబడ్డాం. ఇరవై ఏళ్ల తర్వాత మనవలొచ్చి అడిగేనాటికి ఇచ్చినవాళ్లూ ఉండరు, పుచ్చుకున్నవాళ్లూ ఉండరు. గడువు లేని అరువు చిన్న మ్యూజియంల మెడకు చుట్టుకునే ఉరి.

నంబరు వేసే తీరు అందరూ వాడేదే. 2025.4.2 అంటే 2025లో నాలుగో దాత ఇచ్చినవాటిలో రెండోది. రాయడంలోనే మెలకువ ఉంది. లోహం మీద, కర్ర మీద అయితే అసిటోన్‌లో కరిగించిన పారలాయిడ్ బి-72 అనే పారదర్శక రెసిన్ ఒక సన్న పూత పూసి, ఆరాక దాని మీద సిరాతో నంబరు రాసి, పైన మళ్లీ పూత. కావాలంటే రేపు అసిటోన్‌తో తుడిచేయొచ్చు, వస్తువుకు మచ్చ పడదు. కాగితం, ఫొటో అయితే వెనకవైపు అంచున మెత్తని పెన్సిల్‌తో, ఒత్తకుండా. బట్టకైతే చిన్న నాడా మీద నంబరు రాసి నాలుగు కుట్లు. సెల్లోటేపు, స్టిక్కరు గదిలోకే రానివ్వం. పాత ఫొటోల మీద ఎర్రగా మారిన టేపు మచ్చలు చూసినవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు.

పిన్నిగారు ఒకరు ఆల్బము తెచ్చారు. జిగురు పేజీల మీద ప్లాస్టిక్ కాగితం పరిచి ఉంటుందే, ఆ రకం. ఆ జిగురు ఆమ్లం, పైన ప్లాస్టిక్ తరచూ పీవీసీ, ఫొటోకు రెండు వైపులా శత్రువులే. ఫొటోలు పీకితే చిరుగుతాయి. పళ్లసందుల్లో వాడే దారాన్ని మూల నుంచి ఫొటో కిందకు దూర్చి, రంపం కోసినట్టు నెమ్మదిగా అటూ ఇటూ లాగాం. అతుక్కుపోయి రానివాటిని పేజీతో సహా స్కాన్ చేసి అలాగే వదిలేశాం. వచ్చిన ఒక ఫొటో వెనక నీలం రబ్బరు స్టాంపు, స్టూడియో పేరు సగమే పడింది. దాని కింద పెన్సిల్‌తో మూడు పేర్లు. ముందువైపు నలుగురున్నారు.

"నాలుగో ఆయనెవరండీ పిన్నిగారూ?"

"ఫొటో తీయించుకుంటుంటే దారినపోయేవాడు వచ్చి నిలబడ్డాడు నాయనా. పొమ్మంటే బాగోదని ఊరుకున్నారు."

రిజిస్టరులో అలాగే రాశాం.

జులై చివర: పురుగు

పుస్తకాల ట్రంకు పెట్టె వచ్చింది. మూత తీయగానే గుప్పున కలరా ఉండల వాసన. మాస్టారు అది మంచిదే అన్నారు. మనుషులకు మంచిది కాదు, కొన్ని రకాల ప్లాస్టిక్కునూ మెత్తబరుస్తుంది, వాసన ఏళ్ల తరబడి వదలదు. అంత పోసినా పురుగు బతికే ఉంది, అట్టల అంచుల్లో తాజా పొడి రాలుతోంది. మందు కొట్టడానికి ఒప్పుకోలేదు. పుస్తకాలను రెండు పొరల పాలిథిన్ సంచుల్లో గాలి తీసి బిగించి, తెలిసినవాళ్ల పెద్ద ఫ్రీజరులో మైనస్ 20 డిగ్రీల దగ్గర పెట్టించాం. వారం తక్కువ కాకుండా ఉంచాలి, మేం రెండు వారాలుంచాం. బయటికి తీశాక తొందరపడి సంచి విప్పకూడదు. ఒక రోజంతా అలాగే ఉంచితే చెమ్మ సంచి బయట పడుతుంది, పుస్తకం మీద కాదు. గాజు నెగటివులు, రంగులు పూసిన చెక్క ఇలా చల్లబరచొద్దు. కొత్తగా వచ్చే పెట్టె ఏదైనా ఇప్పుడు మెట్ల కింద వేరే అరలో మూడు వారాలు ఆగాల్సిందే.

ఆగస్టు: సీసపు అక్షరాలు, తెల్ల పొడి

ఈ నెలంతా ప్రెస్సుదే. రెండో వీధిలో ట్రెడిల్ మిషను (కాలితో తొక్కి నడిపే అచ్చు యంత్రం) మీద ఆహ్వాన పత్రికలు, బిల్లు పుస్తకాలు అచ్చేసిన ప్రెస్సు మూతపడి చాలాకాలమైంది. ఓనరుగారు ఆర్డర్ల పుస్తకం, టైపు కేసులు (అచ్చు అక్షరాలుండే గళ్ల పెట్టెలు) మూడు, అక్షరాలు వరుసగా పేర్చే కంపోజింగ్ స్టిక్కు ఇచ్చారు. మిషను ఇస్తానన్నారు గానీ మేడ మోయదు.

కేసులు తెరిస్తే గళ్లలో అక్షరాలు. కొన్ని నల్లగా మెరుస్తున్నాయి. అడుగు గళ్లలోవి మాత్రం పిండి చల్లినట్టు తెల్లగా ఉన్నాయి. తడి తగిలింది, తుడిచేద్దాం అన్నారు వడ్రంగి. ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. అచ్చు లోహంలో ఎక్కువ భాగం సీసం, గట్టిదనానికి ఆంటిమొనీ, తగరం కలుపుతారు. చెక్కనుంచి, ముఖ్యంగా కొత్త ప్లైవుడ్ నుంచి, ఎసిటిక్, ఫార్మిక్ ఆమ్లాల ఆవిర్లు వస్తుంటాయి. మూసిన గూట్లో ఆ ఆవిరి సీసాన్ని తిని తెల్ల పొడి చేస్తుంది. ఆ పొడి సీసం సమ్మేళనమే, ఊపిరితో లోపలికి పోతే విషం. చేతికి గ్లౌజులు, ముక్కుకు మాస్కు, మెత్తని బ్రష్షుతో తడి కాగితం మీదకు దులపడం, ఆ కాగితాన్ని విడిగా మూసి పారేయడం. పక్కన టీ గ్లాసు పెట్టుకోవడం బంద్.

అక్కడితో మేం చేయించాలనుకున్న అద్దాల షోకేసు డిజైనే మారింది. ప్లైవుడ్ వెనక పలక తీసేయించి, పౌడరు కోటింగ్ వేసిన రేకు పెట్టించాం. తప్పని చోట చెక్క మీద అల్యూమినియం పొర ఉన్న షీటు అతికించాం. అద్దం అతికే రోజున వడ్రంగి సిలికాన్ ట్యూబు మూత విప్పగానే పుల్లటి వాసన, అచ్చం వెనిగర్. "అదే ఆమ్లమండీ బాబూ, చెక్కను తీసేసి గొట్టంలోంచి మళ్లీ తెస్తున్నాం" అన్నాను. న్యూట్రల్ అని రాసున్న రకం ఉంటుంది, దానికి ఆ వాసన రాదు. ఆయన తీసుకొచ్చి, నాతో అనలేదు గానీ కాలేజీ అమ్మాయితో "వీళ్లు అద్దం అతికే ముందు వాసన చూస్తారు" అన్నారట. షోకేసు తయారయ్యాక తలుపులు తీసి నాలుగు వారాలు ఖాళీగా ఆరబెట్టాం. ఓపెనింగ్ ఎప్పుడని అడిగినవాళ్లందరికీ షోకేసు ఆరుతోందని చెప్పాం, ఎవరూ నమ్మలేదు.

ఆర్డర్ల పుస్తకం నాకు ఈ గదిలో అన్నిటికంటే ఇష్టం. ఏ తేదీన ఎవరికి ఏమి అచ్చేశారో వరుసగా ఉంది. దుకాణాలు పెట్టినవాళ్లు, ఇల్లు మారినవాళ్లు, చందా పుస్తకం ఒకేసారి మూడు రకాలు అచ్చేయించిన సంఘం. వీధి జీవితం మొత్తం ప్రెస్సు గడప దాటే వెళ్లింది. స్కాను 600 డీపీఐలో, టిఫ్ ఫైళ్లుగా చేశాం. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే భవనంలో. ఫిల్మ్ నెగటివుల డబ్బా ఒకదాంట్లోనూ వెనిగర్ వాసనే వచ్చింది. అది ఎసిటేట్ ఫిల్మ్ కుళ్లుతున్న గుర్తు, పక్కవాటికీ అంటుతుంది. దాన్ని విడదీసి ముందు దాన్నే స్కాన్ చేశాం.

సెప్టెంబరు: మాటలు

రికార్డింగులు మొదలు. ఫోన్లతో కాదు, చిన్న రికార్డరుతో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లు. ఫ్యాను ఆపడమే పెద్ద ఇబ్బంది, చెమటలు కారుతుంటే ఎవరూ కబుర్లు చెప్పరు. మధ్యేమార్గంగా పావుగంటకోసారి ఆపి గాలి పోసుకున్నాం. ప్రశ్నల జాబితా పెట్టుకోవడం కంటే చేతికి ఒక వస్తువివ్వడం మేలు. వీధి పలక చేతిలో పెడితే అరగంట మాట్లాడిన పెద్దాయన, "మీ బాల్యం గురించి చెప్పండి" అంటే రెండు ముక్కల్లో ముగించారు. ఒప్పుకోలు సంతకం మొదట ఒకటి, మాట్లాడటం అయిపోయాక ఇంకొకటి తీసుకుంటాం. ఏం మాట్లాడతామో ముందు ఎవరికీ తెలీదు కదా. ఒకావిడ కొంత భాగం పదేళ్లు మూసి ఉంచమన్నారు, ఆ ఫైలు పేరులోనే తేదీ పెట్టాం.

నాలుగో వీధి వెడల్పు చేసినప్పుడు పోయిన ఇళ్ల సంగతిలో చిక్కొచ్చింది. ఒకరు ముందే నోటీసులిచ్చారంటారు. ఇంకొకరు తెల్లారేసరికి గోడలు లేవంటారు. ఇద్దరూ అక్కడున్నవాళ్లే. తేల్చి ఒక్కటే రాయమని మాస్టారు. నోటీసు కాగితం ఒకటి దొరికింది గానీ, అది ఒక్క ఇంటిది, మిగతావాళ్లకు అందిందో లేదో అది చెప్పదు. ప్రదర్శనలో పెట్టే వివరాల పలక మీద ఇద్దరి మాటలూ పక్కపక్కన వేసి, మధ్యలో ఆ నోటీసు నకలు పెట్టాం. అసలు కాగితం చీకట్లో పెట్టెలో ఉంది.

అక్టోబరు: పలకలు

వస్తువు పక్కన రాసే మాటలు యాభై పదాలు దాటితే నిలబడి చదవరు. మాస్టారు త్రాసు కోసం రాసిచ్చింది ఇదీ: "ఈ పురాతన తూనిక యంత్రము నాటి ప్రజల జీవన విధానానికి అద్దం పడుతున్నది." వ్యాకరణం నిక్షేపంగా ఉంది, ఏ ఊళ్లో ఏ త్రాసు పక్కనైనా పెట్టొచ్చు. మేం మార్చింది: "మూడో వీధి మలుపులోని దుకాణం త్రాసు. ఎడమ పళ్లెం అడుగున అతికించిన మైనం ముద్ద చూడండి. పళ్లెం అరిగి తేలికైతే సరిచేయడానికి పెట్టారని ఇచ్చినవారి మాట. కొన్నవారి మాటలు మాకింకా అందలేదు." ఈ చివరి వాక్యం చూసి, త్రాసు ఇచ్చినావిడ నవ్వి ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోతే తీసేసేవాళ్లం.

గోడకు తగిలించే ఫొటో చట్రాల మధ్యభాగం నేలనుంచి 145 సెంటీమీటర్ల దగ్గర. షోకేసు పలకలు ఏటవాలుగా, కుర్చీలో కూర్చున్నవాళ్లకూ, పిల్లలకూ కనపడేలా. తెల్ల గోడ మీద లేత బూడిదరంగు అక్షరాలు బావుంటాయని ఎవరో అన్నారు. బావుంటాయి, కనపడవు.

నేల పటం వచ్చింది. నాలుగు వీధులు, ఇప్పుడున్న ఇళ్లు సన్న గీతల్లో, పోయిన ఇళ్లు ఖాళీ గళ్లలో. మందం వినైల్ మీద అచ్చేయించి, అంచులు నేలకు అతికించాం. పేర్లు రాయడానికి పెన్నులు పక్కనే. తెరవకముందే ప్రెస్సు ఓనరుగారు వచ్చి మోకాళ్ల మీద కూర్చుని తన ప్రెస్సు ఉన్న గడి మీద పేరు రాశారు. అక్కడితో ఆగకుండా పక్క మూడు గళ్లలో ఎవరుండేవారో కూడా రాశారు, ఒక గడిని రెండుగా చీల్చారు, అది వాటాలిల్లట. మున్సిపాలిటీ పాత పటంలో అది ఒక్క ఇల్లే. రిజిస్టరులో ఇద్దరు దాతల అడ్రసులు ఒకే ఇంటి నంబరుగా ఎందుకున్నాయో అప్పుడర్థమైంది.

ఇంకా మిగిలినవి: ట్యాంకు పైపు మార్పించాలి, దానికి కాగితాల పని పూర్తయింది, మేస్త్రీ రావాలి. నీళ్లొస్తే, నిప్పొస్తే ముందు ఏ పెట్టెలు మోయాలో తలుపు వెనక అంటించాలి, ఆర్డర్ల పుస్తకం నంబరు ఒకటి. తాళం ఇద్దరి దగ్గర ఉండాలి, ఇప్పుడు నా ఒక్కడి దగ్గరే ఉంది. రిజిస్టరు జిరాక్సు ప్రతి మాస్టారింట్లో పెట్టాలి. ఆయన సరే అన్నారు, మొత్తం చదివి తప్పులు దిద్ది పెడతానన్నారు. రిజిస్టరులో గీత కొట్టి పక్కన రాయాలే తప్ప ఏదీ చెరపకూడదని చెప్పాను. ప్రతితోపాటు ఖాళీ కాగితాల కట్ట ఒకటి కూడా ఇస్తున్నా, అభ్యంతరాలు దాంట్లో రాయడానికి. కట్ట చిన్నదని ఇప్పటికే కబురొచ్చింది.